గ్యాస్ ఎక్కడికి పోయింది?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ళ మాట. ఆ తరవాత నెల తిరక్కుండానే ఏసీ మెకానిక్కుల ఫోన్లు మోగడం మొదలవుతుంది. "ఏసీ వేశామండీ, గాలి వస్తోంది గానీ చల్లగా లేదు." అవతలి గొంతు చెప్పేది ఇంతే. మెకానిక్ వస్తాడు, బయటి యూనిట్‌కు మీటరు తగిలిస్తాడు, ముల్లు చూసి పెదవి విరుస్తాడు. "గ్యాస్ తగ్గిందండీ, ఎక్కించాలి" అంటాడు. ఇంటాయన రేటు అడుగుతాడు, కాస్త బేరమాడతాడు, సరేనంటాడు. అరగంటలో గది చల్లబడుతుంది. అందరికీ సంతోషం. మళ్ళీ వచ్చే ఏడాది, ఒక్కోసారి రెండు నెలలకే, అదే గొంతు, అదే ఫిర్యాదు, అదే మీటరు.

ఈ తంతులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ గ్యాస్ ఎక్కడికి పోయింది?

ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. క్లాసులో మొదట వేసే ప్రశ్న ఇదే. సగం మంది "వాడగా వాడగా అయిపోతుంది సార్" అనేవారు. పిల్లలనేముంది, ఏసీ కొన్న ప్రతి ఇంట్లోనూ అదే నమ్మకం. నిజానికి ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. లోపల గోడకున్న యూనిట్‌లో రాగి గొట్టాల వరస ఉంటుంది, దాన్నే కాయిల్ అంటాం. అందులో గ్యాస్ ఐదు నుంచి పది డిగ్రీల దగ్గర మరుగుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని లాగి, బాగా నొక్కి, బయటి కాయిల్‌లోకి తోస్తుంది. ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎండ ముదిరిన వేళ ఆ పీడనం మామూలు గాలి పీడనానికి 25, 30 రెట్లు ఉంటుంది. అక్కడ ఫ్యాను గాలికి వేడి వదిలేసి, ద్రవమై, సన్నని దారిలోంచి మళ్ళీ లోపలికి వస్తుంది. ఏసీ నడిచినంత సేపూ ఇదే ప్రదక్షిణం. దారి అంతా మూసి ఉన్నదే. పదేళ్ళయినా పదిహేనేళ్ళయినా మొదటి రోజు నింపిన గ్యాసే తిరుగుతూ ఉండాలి.

నమ్మకం కుదరకపోతే వంటింట్లో ఫ్రిజ్ వైపు చూడండి. అదీ ఇదే సూత్రం మీద నడుస్తుంది, పైగా రాత్రింబవళ్ళు నడుస్తుంది. దానికి ఏటా ఎవరైనా గ్యాస్ ఎక్కిస్తున్నారా?

మరి ఏసీకే ఎందుకీ అవస్థ అంటే, స్ప్లిట్ ఏసీ సగమే ఫ్యాక్టరీలో తయారవుతుంది. మిగతా సగం మన ఇంట్లో, నిచ్చెన మీద నిలబడ్డ కుర్రవాడి చేతుల్లో తయారవుతుంది. లోపలి యూనిట్‌కూ బయటి యూనిట్‌కూ మధ్య రెండు రాగి గొట్టాలు వేసి, నాలుగు చోట్ల నట్లు బిగించేది అతనే. ఆ నట్టు దగ్గరి పని చూడడానికి చిన్నదే. గొట్టాన్ని కట్టరుతో కోసి, అంచున లేచిన గరుకును గీకి తీసేయాలి. గీకేటప్పుడు గొట్టం మూతి కిందికి పెట్టాలి, లేకపోతే రాగి పొడి లోపల పడుతుంది. నట్టును ముందే గొట్టానికి తొడిగి, ఫ్లేరింగ్ టూల్‌లో బిగించి, మూతిని 45 డిగ్రీల వాలుకు వెడల్పు చేయాలి, దాన్నే ఫ్లేరు అంటాం. ఆ అంచు మీద వెంట్రుకంత గీత ఉన్నా, ఒక పక్క పల్చబడినా అక్కణ్ణించి గ్యాస్ కారుతుంది. బిగింపు తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే రాగి చిట్లి కారుతుంది. ఎంత బిగించాలో చూపించే టార్క్ రెంచి అని ఒక పనిముట్టు ఉంది. మన వీధుల్లో తిరిగే సంచుల్లో అది కనిపించడం అరుదు. రెండు స్పానర్లు, చేతి అంచనా, అంతే.

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మియాపూర్ లాంటి చోట్ల అద్దెకుండేవాళ్ళు ఇల్లు మారినప్పుడల్లా మంచం, బీరువాతో పాటు ఏసీ కూడా ట్రాలీ ఆటో ఎక్కుతుంది. గ్యాస్ పోవడానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు. ఏసీ విప్పే ముందు గ్యాస్‌నంతా బయటి యూనిట్‌లోకి లాగి బంధించాలి. ఏసీ నడుస్తుండగా సన్న గొట్టం వాల్వు మూసి, లోపలి గ్యాస్ అంతా వచ్చేదాకా ఆగి, లావు గొట్టం వాల్వు మూసి, వెంటనే కరెంటు ఆపేయాలి. ఈ పని తెలిసినవాడే చేయాలి. ఎక్కడైనా జాయింటు వదులుగా ఉండి కంప్రెసర్ బయటి గాలిని కూడా లాగేసుకుంటే, లోపలి నూనె, గాలి కలిసి విపరీతమైన ఒత్తిడికి పేలిపోయే ప్రమాదం ఉంది. కొత్త ఇంట్లో బిగించేటప్పుడు పాత ఫ్లేరు మీదే నట్టు ఎక్కించడం ఇంకో అలవాటు. ఒకసారి నలిగిన అంచు రెండోసారి సరిగా కూర్చోదు. అంగుళం ముక్క కోసి పారేసి కొత్త ఫ్లేరు చేయమనండి.

ఇక గ్యాస్ కారిపోయే రెండో దారి, కాయిల్‌కే చిల్లు పడడం. ఇది కనిపించని రోగం. విశాఖపట్నంలో బీచి రోడ్డు పక్కన, కాకినాడలో, మచిలీపట్నంలో ఉప్పుగాలి బయటి కాయిల్‌ని కొరుక్కుతింటుంది. రాగి గొట్టం, దాని చుట్టూ అల్యూమినియం రేకులు, మధ్యలో ఉప్పు తేమ. రెండు లోహాల మధ్య తుప్పు మొదలవడానికి ఇంకేం కావాలి? అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా రాలిపోతుంటే అదే గుర్తు. అక్కడ కొనేటప్పుడే పూత పూసిన కాయిల్ ఉన్నది అడిగి తీసుకోవాలి, తరచు మంచినీళ్ళతో కడిగి ఉప్పు వదిలించాలి. బోరు నీళ్ళలో ఉప్పెక్కువైతే మాత్రం ఆ నీళ్ళే ఇంకో తలనొప్పి. సముద్రం లేని ఊళ్ళో ఇంటి పక్కన మురుగు కాలవ ఉన్నా చాలు. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరిచి తినేస్తుంది. మురుగు లేదు, సముద్రం లేదు, ఇల్లు కొత్తది, అయినా లోపలి కాయిల్ రెండేళ్ళకే కారుతోందంటే, కొత్త ప్లైవుడ్, జిగురు, పాలిష్‌ల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లను కూడా అనుమానించాలి. గృహప్రవేశానికి ముందు చెక్కపని చేయించి, కిటికీలు బిగించి, ఏసీ వేసుకుని కూర్చోవడం మనకు మామూలే కదా. ఆ కొన్ని వారాలు కిటికీలు తీసి ఉంచితే ఏసీకే కాదు, ఊపిరితిత్తులకూ మంచిది.

సరే, గ్యాస్ కారుతోందని తేలింది. ఏం చేయాలి? మొదటి పని చిల్లు వెతకడం. సిస్టమ్‌లోకి నైట్రోజన్ ఎక్కించి, ప్రతి జాయింటుకూ సబ్బునురగ రాసి చూడాలి. బుడగ లేచిన చోటే దొంగ. అందుబాటులో ఉందని ఆక్సిజన్ సిలిండరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగిలించకూడదు. కంప్రెసర్ నూనెతో కలిస్తే అది బాంబే. నైట్రోజన్ ఎక్కించి కాసేపు వదిలేస్తే మీటరు ముల్లు దిగకుండా నిలబడాలి. చిల్లు దొరికాక అది ఫ్లేరయితే కొత్తగా చేయాలి, గొట్టమైతే రాగి అతుకు వేయాలి. తరవాత వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేయాలి, కనీసం అరగంటయినా. పంపు ఆపాక ముల్లు మళ్ళీ పైకి రాకపోతేనే ఆ పని అయినట్టు. ఎందుకింత శ్రమ అంటే, ఇప్పటి ఏసీల్లో వాడే కంప్రెసర్ నూనె తేమ తగిలితే ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం మోటారు చుట్టల మీది పూతను తింటుంది. ఇవాళ వాక్యూమ్ చేయకుండా మిగిల్చుకున్న అరగంట మరో వేసవికి కంప్రెసర్ ప్రాణం మీదికి వస్తుంది. వాక్యూమ్ అయ్యాక గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. బయటి యూనిట్ పక్కన అంటించిన స్టిక్కరు మీద ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. ఇళ్ళలోని 1.5 టన్నుల ఏసీలకు అది చాలావరకు కిలో లోపే. ఆ కొద్దిపాటి గ్యాస్‌లో వంద గ్రాములు అటూ ఇటూ అయినా తేడా తెలుస్తుంది. మీటరు చూసి, గొట్టం చేత్తో పట్టుకుని "సరిపోయిందండీ" అంటే నేను ఒప్పుకోను. తూకం యంత్రం లేని గ్యాస్ ఫిల్లింగ్ అంచనాయే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తప్పంతా మెకానిక్ మీద నెట్టేయడం న్యాయం కాదు. నైట్రోజన్ సిలిండరు, వాక్యూమ్ పంపు, తూకం యంత్రం మోసుకొచ్చి, సగం పూట పనిచేసి, తగిన కూలి అడిగితే "పక్కవీధి అబ్బాయి సగం ధరకే ఎక్కిస్తానన్నాడు" అనేది మనమే. చిల్లు వెతికినందుకు డబ్బివ్వడానికి మనకు మనసొప్పదు, గ్యాస్ పోసినందుకు ఇస్తాం. కంటికి కనిపించేది సిలిండరే కదా! వెతుకులాట కూడా పనే, దానికి కూలి వేరుగా ఇస్తానని ముందే చెప్పి చూడండి. మెకానిక్ ముఖం మారుతుంది. పని అయ్యాక తేదీ, ఏ జాయింటు, ఎన్ని గ్రాములు అన్నది మార్కర్ పెన్నుతో బయటి యూనిట్ పక్కనే రాయించండి. మళ్ళీ వచ్చేవాడు ఎవరైనా అక్కణ్ణించి మొదలుపెడతాడు.

గ్యాసుల్లో రకాలు కూడా తెలిసి ఉంటే మంచిది, ఒకదాని బదులు ఇంకొకటి పోసేస్తే యంత్రం దెబ్బతింటుంది. పాత ఏసీల్లో ఉండేది ఆర్-22. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కనక 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా దాన్ని దశలవారీగా వదిలించుకుంటోంది. మన దేశం 2030 నాటికి దాదాపు పూర్తిగా మానేయాలి. తరవాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 2,000 రెట్లు పైమాటే. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే ఆర్-32 లెక్క 675 రెట్లు. వీటినీ తగ్గించుకోవాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో ఒప్పందం కుదిరింది, భారత్ 2021లో దాన్ని ఆమోదించింది. కొన్ని ఏసీల్లో ఆర్-290 ఉంటుంది. అది వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేనే, భూమికి చేసే చేటు బహు తక్కువ, కానీ ఇట్టే అంటుకుంటుంది. ఆర్-32కూ కొద్దిగా మండే గుణం ఉంది. అందుకే గ్యాస్ వదులుతూ పక్కనే బీడీ వెలిగించడం, గొట్టంలో గ్యాస్ మిగిలి ఉండగానే అతుకు మంట పెట్టడం వంటి పాత ధీమాలు ఇక పనికిరావు. మెకానిక్ పని చేస్తుంటే కిటికీలు తీయండి, పూజగదిలో దీపం ఉంటే కాసేపు ఆ తలుపు వేయండి.

ఇంతసేపూ గ్యాస్ గురించి చెప్పాను గానీ, చల్లదనం తగ్గిన ప్రతి ఏసీలోనూ గ్యాస్ పోయిందనుకుంటే పొరపాటు. చాలా ఇళ్ళలో అసలు దోషం దుమ్ము. మెకానిక్‌ని పిలిచే ముందు ఇంట్లో వాళ్ళే చేసుకోదగ్గ పని ఇది. ప్లగ్గు తీసేసి, లోపలి యూనిట్ ముందు మూతను రెండు వైపులా పట్టుకుని పైకి లేపండి. రెండు జాలీలు కనిపిస్తాయి. వేసవిలో రెండు వారాలకోసారైనా కడగనివాళ్ళింట్లో అవి బూడిదరంగు కంబళి కప్పుకుని ఉంటాయి. ఆ దుమ్ము ఉత్త దుమ్ము కూడా కాదు. హాల్లో ఏసీ, పక్కనే తలుపులేని వంటిల్లు ఉంటే పోపు నూనె ఆవిరి అంతా అక్కడే చేరుతుంది. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట పొగ దానికి తోడవుతుంది. అందుకే దులిపితే రాలదు. జాలీని తిప్పి పట్టుకుని, దుమ్ము పట్టని వైపు నుంచి నీళ్ళు పోస్తే ఆ పొర ముందుకు ఊడి వస్తుంది. జిడ్డుంటే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు చాలు. నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర తిరుగుతుంది, తిరిగి గాడిలో కూర్చోదు. తడి మీద మాత్రం బిగించకండి.

జాలీ వెనక కాయిల్, దాని వెనక గాలి తోసే బ్లోయర్ ఉంటాయి. వాటికి ఏడాదికోసారి మెకానిక్ చేతి జెట్ సర్వీసు కావాలి. నీటి ధార రేకులకు నిటారుగా కొట్టాలి, ఏటవాలుగా కొడితే పల్చటి అల్యూమినియం రేకులు పడుకుంటాయి, గాలికి దారి మూసుకుపోతుంది. ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్న పక్కను పాలిథీన్ కవరుతో చుట్టారో లేదో దగ్గరుండి చూసుకోండి. ఘాటైన ఆమ్లం కలిపిన ద్రవాలతో కాయిల్ తళతళలాడిస్తానంటే వద్దనండి.

బయటి యూనిట్ సంగతి ఇంకా అన్యాయం. అది గదిలోని వేడిని బయట పారబోసే చోటు. దాని మొహం ముందు జాగా లేకపోతే పారబోసిన వేడినే మళ్ళీ పీల్చుకుంటుంది. అపార్ట్‌మెంట్లలో ఇరుకు షాఫ్టులో ఐదంతస్తుల యూనిట్లు ఒకదాని మీదొకటి పెట్టి, అందానికి ముందు దట్టమైన గ్రిల్లు బిగిస్తారు. కింది అంతస్తుల వేడి పైవాళ్ళకు కానుక. ఆపైన హైదరాబాద్ పావురాలు. యూనిట్ వెనక సందులో పుల్లలు పేర్చి గూడు కట్టాయంటే గాలి ఆగిపోతుంది, రెట్ట పడ్డ రేకులు తినుకుపోతాయి. గూడు లేనప్పుడే వల కట్టించుకోవడం మేలు, పిల్లలు పెట్టాక మనకూ చేతులు రావు. ఎండ పడకుండా రేకు నీడ వేయిస్తే కాస్త ప్రయోజనమే గానీ, ఆ రేకు గాలిని అడ్డుకుంటే లాభం కన్నా నష్టం ఎక్కువ.

గ్యాసా దుమ్మా తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష ఉంది. ఏసీని పావుగంట నడిపి, పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి థర్మామీటరు పెట్టి చూడండి. జ్వరం చూసేది కాదు, గది ఉష్ణోగ్రత చూసేది. రెండింటికీ తేడా ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీలుంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. అయినా గది చల్లబడలేదంటే కిటికీ సందులు, ఎండ పడే పడమటి గోడ, లేదా గదికి చాలని ఏసీ కారణం. తేడా తక్కువుండి, జాలీలు, కాయిల్ శుభ్రంగా ఉంటే అప్పుడు గ్యాస్‌ను అనుమానించండి. కాయిల్ మీద మంచు కడితే మాత్రం తొందరపడకండి. గాలి తగ్గినా మంచు కడుతుంది, గ్యాస్ తగ్గినా కడుతుంది. ఫ్యాను మోడ్‌లో పెట్టి కరగనివ్వండి. స్క్రూడ్రైవరుతో పొడిచి మంచు తీయబోతే కాయిల్‌కు చిల్లు పడుతుంది, ఇక ఆ గ్యాస్ ఎక్కడికి పోయిందని ఎవర్నీ అడగక్కర్లేదు!

నీళ్ళు కారే ఫిర్యాదు గ్యాస్ తరవాత రెండోది. గదిలో వేడి తీయడం ఎంతో, తేమ తీయడమూ ఏసీకి అంత పని. అసలు 1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికన్ ఇంజనీరు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు కోసం ఈ యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖానికి కాదు. గాలిలో తేమకు కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడక వాళ్ళు తల పట్టుకున్నారు. మన కోస్తాలో ఉక్కపోత రోజుల్లో 1.5 టన్నుల ఏసీ గంటకు లీటరుకు పైగా నీళ్ళు తీస్తుంది. ఆ నీళ్ళు కాయిల్ కింద తొట్టిలో పడి, సన్న గొట్టంలోంచి బయటికి పోవాలి. తొట్టిలో నాచు పట్టి జిగురు కడితే, గొట్టం మధ్యలో పైకి లేచి వంపు తిరిగితే, నీళ్ళు గోడ మీదికి వస్తాయి. ఇంకో కారణం చెబితే నవ్వుతారు. గొట్టం కొసను బాల్కనీలో బకెట్‌లో పెడతారు. బకెట్ నిండి కొస నీళ్ళలో మునగగానే గొట్టంలో గాలి చిక్కుకుని ధార ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి చేసే వైద్యం కొసను పైకి తీయడమే. ఆ నీళ్ళు మొక్కలకు పోయండి, బాల్కనీ కడగండి. తాగడానికి వద్దు. శుద్ధమైన నీరే కదా అని ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేవాళ్ళున్నారు, కాయిల్ మీది దుమ్మూ లోహమూ కలిసిన నీళ్ళవి, అదీ వద్దు.

కరెంటు వైపు జాగ్రత్తలు చెప్పి ముందుకు పోతాను. ఏసీ ప్లగ్గు గోధుమరంగు తిరిగినా, కాలిన వాసన వచ్చినా ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఆపిన ఏసీని మూడు నిమిషాలు ఆగి వేయండి, లోపల రెండు వైపుల ఒత్తిడి సమానం కావాలి. ఇన్వర్టర్ కాని పాత ఏసీలో బయట ఫ్యాను తిరుగుతూ, కంప్రెసర్ మూలిగి ఆగిపోతుంటే ముందు కెపాసిటర్ చూడమనండి. కొన్ని వందల రూపాయల వస్తువది. దాన్ని పరీక్షించకుండా "కంప్రెసర్ పోయిందండీ" అన్నవాడి మాట ఇంకో మెకానిక్‌తో సరిచూసుకోవడంలో తప్పులేదు. ఇన్వర్టర్ ఏసీలో బోర్డే ప్రాణం. స్టెబిలైజర్ అక్కర్లేదని అమ్మినవాడు చెప్పిన మాట పెట్టె మీద రాసిన వోల్టేజీ పరిధి వరకే చెల్లుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 300 వోల్టుల పైన దూసుకురావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు, ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసేయడం చౌకైన బీమా. ఇక బల్లులు. బోర్డు దగ్గరి వెచ్చదనానికి చేరి, రెండు తీగల మధ్య అడ్డంగా పడి, తాము చచ్చి, బోర్డునూ చంపుతాయి. గొట్టాలు గోడలోంచి పోయే కన్నాన్ని పుట్టీతో మూసేస్తే అవీ రావు, చీమలూ రావు. ఆ బోర్డును మాత్రం ఇంట్లో విప్పకండి. అందులోని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసిన కాసేపటి దాకా కూడా.

రిమోట్‌ను 16కు నొక్కితే గది తొందరగా చల్లబడదు. కంప్రెసర్ ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. స్టార్ ముద్ర ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల మీదే మొదలవ్వాలని 2020 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఖర్చు సుమారు ఆరు శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్పే లెక్క. 26లో పెట్టి సీలింగ్ ఫ్యాను మెల్లగా తిప్పుకుంటే దుప్పటి కప్పుకోవాల్సిన పని ఉండదు. రోహిణి కార్తెలో కంప్రెసర్‌కు కూడా కాస్త ఊపిరి ఆడుతుంది.

చివరిగా సజ్జ మీది మనిషి గురించి. నాలుగో అంతస్తు కిటికీలోంచి ఒక కాలు బయటికి వేసి, చెప్పులు విప్పి, సజ్జ మీదికి దిగి, ఒక చేత్తో గ్రిల్లు పట్టుకుని ఇంకో చేత్తో స్పానర్ తిప్పే కుర్రవాణ్ణి మీరూ చూసే ఉంటారు. నడుముకు బెల్టు ఉండదు. కింద తారు రోడ్డు. ఇల్లు కట్టించేవాళ్ళు ఏసీ ఎక్కడ పెట్టాలో గీస్తారు గానీ, దాన్ని బాగుచేసేవాడు ఎక్కడ నిలబడాలో గీయరు. నిలబడే చోటు లేని యూనిట్‌కు మంచి రిపేరు జరగదు. సబ్బునురగ రాసి బుడగ కోసం ఆగి చూసే తీరిక ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నవాడికి ఎలా ఉంటుంది? కొత్త ఇల్లయితే బాల్కనీలోంచి చెయ్యి అందే చోట పెట్టించండి. ఉన్న ఇల్లయితే బెల్టు కట్టుకుని, దాని తాడు గట్టి ఆధారానికి ముడివేశాకే దిగనివ్వండి. బెల్టు తేలేదంటే పని మర్నాటికి వాయిదా వేయండి, ఒక రాత్రి ఫ్యాను గాలికి పడుకుంటే ఏమీ కాదు.

సర్వీసు చేయించాలనుకుంటే ఫిబ్రవరిలో పిలవండి. ఏప్రిల్‌లో మెకానిక్‌కు అన్నం తినే తీరిక ఉండదు, పది ఇళ్ళు వరసలో ఉంటాయి, ఎవరింట్లోనైనా గ్యాస్ ఎక్కించి పరిగెత్తాల్సిందే. ఫిబ్రవరిలో అయితే రేటూ తక్కువ, నైట్రోజన్ సిలిండరు మూడంతస్తులు మోసుకొచ్చే ఓపికా ఉంటుంది.